బోరులో పొడి పోసే ముందు: చెన్నైలోని మా వీధి అసోసియేషన్ కమిటీకి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, సెక్రటరీ గారికి, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగుకు మీరు అంటించిన నోటీసు చదివాను. వీధి మొదట్లో ఉన్న బంకు ట్యాంకు నుంచి కారిన పెట్రోలు మన బోర్లలోకి దిగింది కాబట్టి, ఒక కంపెనీ దగ్గర ‘నూనె తినే బ్యాక్టీరియా’ పొడి కొని బోర్లలో పోయిస్తామంటున్నారు. ఖర్చులో సగం బంకు యజమాని భరిస్తారు, మిగతా సగం ఇంటింటా వసూలు చేస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ నోటీసు కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: పొడి పోసిన 30 రోజులకు ‘సమస్య పూర్తిగా పరిష్కారమైంది’ అని అసోసియేషన్ తరఫున సంతకం చేసి బంకు వారికి కాగితం ఇవ్వాలట. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని అడగడానికే ఈ ఉత్తరం. పొడి సంగతి కూడా అందులో భాగమే.

నేను నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైన దాన్నని మీలో చాలామందికి తెలుసు. కమిటీలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తమిళంలో రాసిన కాపీ మెట్ల దగ్గర బోర్డుకు అంటిస్తాను.

కంపెనీ వాళ్లు పంచిన కరపత్రం మొదటి పేజీలో ఉన్నది నిజమే. పెట్రోలు, డీజిలు తిని బతికే బ్యాక్టీరియా ఉన్నాయి. బెంగాల్లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆనందమోహన్ చక్రబర్తి 1970లలో ముడి చమురును విరగ్గొట్టే బ్యాక్టీరియాను తయారు చేస్తే, ప్రాణమున్న దానికి పేటెంట్ ఇవ్వొచ్చా అన్న తగాదా అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. నూనె తినే క్రిమి గురించి జనం మాట్లాడుకోవడం ఆ కేసుతోనే బాగా పెరిగింది. అయితే కోర్టులో గెలిచిన ఆ క్రిమిని సముద్రం మీద ఒలికిన చమురు తీయడానికి ఎక్కడా పెద్ద ఎత్తున వాడలేదు. కరపత్రంలో ఈ రెండో సగం లేదు.

అసలు, పెట్రోలు తినే బ్యాక్టీరియాను మనం డబ్బిచ్చి కొనక్కర్లేదు. ఇప్పటికే మన ఇళ్ల కింద ఉన్నాయి. పని కూడా చేస్తున్నాయి. రుజువు మీ బకెట్లోనే ఉంది.

బంకుకు దగ్గరి ఇళ్లవాళ్లు అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటే. మోటారు వేసినప్పుడు నీళ్లు తేటగా వస్తాయి. బకెట్లో గంటసేపు ఉంచితే ఎర్రబడతాయి, అడుగున తుప్పులాంటి మడ్డి దిగుతుంది, పైన రంగులు మెరిసే తెట్టు కడుతుంది. ఆ తెట్టంతా పెట్రోలే అని మనవాళ్ల భయం. ఒక చీపురుపుల్లతో దాన్ని గుచ్చి చూడండి. పలకలు పలకలుగా పగిలి ఎక్కడి ముక్కలు అక్కడే ఉండిపోతే అది ఇనుము, బ్యాక్టీరియా కలిసి కట్టిన పొర. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోయి సుడులు తిరిగితే అది పెట్రోలు. మొన్న నాలుగైదు ఇళ్లలో గుచ్చి చూశాను. బంకు గోడను ఆనుకున్న ఇంట్లో రెండో రకం, దాని తరవాతి ఇళ్లలో మొదటి రకం.

ఆ ఎర్ర నీళ్ల వెనక పెద్ద కథే ఉంది. మన వైపు ఇసుక రేణువుల మీద పసుపుగా, ఎర్రగా పట్టి ఉండేది ఇనుప తుప్పు. అది మామూలుగా నీళ్లలో కరగదు. ఆక్సిజన్ దొరకని లోతులో కొన్ని బ్యాక్టీరియా ఈ తుప్పుతోనే ఊపిరి తీసుకుంటాయి. మనం తిన్న అన్నం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పజెబుతాం. అవి పెట్రోలులోని టోలీన్ లాంటివాటిని తిని, ఎలక్ట్రాన్లను తుప్పుకు అప్పజెబుతాయి. దాంతో తుప్పు కరిగే ఇనుముగా మారి నీళ్లలోకి వస్తుంది. బకెట్లో గాలి తగలగానే మళ్లీ తుప్పవుతుంది. ఇలా బతికేవాటిలో జియోబాక్టర్ పేరుపడింది. 1987లో అమెరికాలో పొటోమాక్ నది బురద నుంచి దాన్ని వేరు చేశారు. తుప్పు కదలదు, కరిగి లోపలికి రాదు కాబట్టి, ఈ క్రిమి ఒంటి నుంచి సన్నటి పోగులు బయటికి చాచి వాటి మీదుగా ఎలక్ట్రాన్లను పంపుతుంది. ఇనుము సహజంగానే ఎక్కువున్న బోర్లు కూడా ఉంటాయి, కాబట్టి ఎర్ర నీళ్లు చూసినచోటల్లా పెట్రోలు అనుకోకూడదు. బంకుకు ఎగువన, అంటే నేలలోని నీళ్లు బంకు వైపు పారి వచ్చే పక్కనున్న బోరుతో పోల్చి చూడాలి. పోస్టాఫీసు వైపు బోర్లలో నీళ్లు ఎర్రబడవు, బంకు దాటాక ఎర్రబడతాయి. నాకు నమ్మకం కలిగింది ఈ తేడాతోనే.

మరి బ్యాక్టీరియా ఉన్నాయి, పని చేస్తున్నాయి అంటే వాసన ఎందుకు పోలేదని మీరు అడుగుతారు. తిండి విపరీతంగా ఉంది, ఊపిరి చాలడం లేదు. మన ఎండలకు లీటరు నీళ్లలో కరిగే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించదు. పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విషాన్ని ఒక్క మిల్లీగ్రాము పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చాలంటే మూడు మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే లీటరులోని ఆక్సిజన్ మొత్తం కలిపినా రెండున్నర మిల్లీగ్రాముల బెంజీన్‌కు సరి. పెట్రోలు పొర కింద నీళ్లలో బెంజీన్ ఒక్కటే కాదు, టోలీన్, జైలీన్ అన్నీ కరిగి ఉంటాయి. ఆక్సిజన్ మొదట్లోనే అయిపోతుంది. ఆ తరవాత నైట్రేట్ వాడుకునేవి పనిలోకి దిగుతాయి, అదీ అయిపోతే మాంగనీసు, ఇనుప తుప్పు, ఆ తరవాత సల్ఫేట్. ఏదీ మిగలకపోతే చివరికి మీథేన్ తయారు చేసేవి. ఈ వరసలో కిందికి పోయేకొద్దీ తిన్న తిండికి దక్కే శక్తి తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. సముద్రం వైపు ఇళ్లలో కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తోందన్నారు కదా. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది. ఉప్పునీరు చొరబడిన చోట బ్యాక్టీరియాకు ఆ ఊపిరి దొరుకుతుంది, వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది ఆ వాసన. ఆక్సిజన్ లేకుండా సల్ఫేట్‌తోనే బెంజీన్‌ను చివరిదాకా తినగలవని 1992లోనే ల్యాబులో తేలింది. ఉప్పునీళ్లను మనం ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క విషయంలో అవి మన పక్షమే!

ఈ పరిస్థితిలో పొడి పోయడం, గాలి ఆడని గదిలో జనం సొమ్మసిల్లుతుంటే కిటికీ తీయకుండా ఇంకో వందమందిని లోపలికి తోయడమే.

ఇక నెమ్మది సంగతి. కరపత్రంలో ‘20 నిమిషాలకు రెట్టింపు’ అని లావు అక్షరాలతో వేశారు. అది మన పేగుల్లో ఉండే ఇ.కోలై లాంటి క్రిమికి, వెచ్చగా, తిండి పుష్కలంగా ఉన్న సీసాలో కుదిరే మాట. ఆక్సిజన్ లేకుండా బెంజీన్ తినేవి ఒకటి రెండు కావడానికి వారాలు పడుతుంది. నేల అడుగున బతకడానికి ఆ నెమ్మదే వాటి ఆయుధం. తిండి అందనప్పుడు అవి ఒళ్లు కుదించుకుంటాయి, ప్రొటీన్లు తయారు చేసే రైబోజోములను తగ్గించుకుంటాయి, పిల్లల్ని కనడం ఆపేస్తాయి. దొరికిన కాస్త శక్తితో దెబ్బతిన్న డీఎన్ఏకు మాత్రం మరమ్మతు చేసుకుంటూ ఉంటాయి. ఇంకొన్ని గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా ఉండిపోతాయి. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు దక్షిణ పసిఫిక్ అడుగున పది కోట్ల ఏళ్ల నాటి మట్టి నుంచి సూక్ష్మజీవులను పైకి తీసి తిండి పెడితే, వాటిలో చాలావరకు లేచి తిని, పెరిగాయి. అంతటి ఓర్పున్న జాతి అది. దాన్ని 30 రోజుల టార్గెట్ పెట్టి తరమలేం.

పొడి ప్యాకెట్ మీద రాసినవి బాసిల్లస్, సూడోమోనాస్. మంచి క్రిములే. కాకపోతే గాలి ఊదే ట్యాంకులో, బెల్లపు మడ్డి తిని వేగంగా పెరిగిన రకాలు. కంపెనీ చూపించిన ల్యాబ్ రిపోర్టులో ‘గ్రాముకు ఇన్ని కోట్ల కాలనీలు’ అని ఉంది. కాలనీ అంటే ల్యాబు ప్లేటు మీద పెరిగి కంటికి కనబడే బ్యాక్టీరియా గుంపు. రెండు రోజుల్లో ప్లేటు మీద లేచి కాలనీ కట్టేవాటినే ఆ పద్ధతిలో లెక్కపెట్టగలం. మనకు నిజంగా కావలసిన నెమ్మది రకాలు ఆ ప్లేటు మీద కనబడనే కనబడవు.

సరే, పోశారనుకుందాం. బోరు అనేది ఇసుకలో దించిన సన్నటి గొట్టం. పోసిన పొడి ఫిల్టరు పైపు సందుల్లోంచి బయటపడి ఇసుక రేణువులకు అతుక్కుంటుంది. బ్యాక్టీరియా నీళ్లతో పాటు దూరం పోతాయనుకోవడం మన ఊహ. ఇసుక వాటిని చాలావరకు దగ్గర్లోనే పట్టేస్తుంది. నేలలో మామూలుగా ఉండేవి కూడా ఎక్కువ శాతం రేణువులనే కరుచుకుని ఉంటాయి, నీళ్లలో తేలేవి తక్కువ. పైగా వాటిని తినే ప్రొటోజోవా అనే ఏకకణ జీవులు ఉండనే ఉంటాయి. పెట్రోలేమో బంకు నుంచి పొడుగ్గా పరుచుకుని ఉంది. మనం మందు వేసేది బోరు చుట్టూ ఉన్న కాస్త ఇసుకకు. ఎక్కువ పోస్తే పైపు సందులు జిగురు పట్టి పూడుకుపోయి, నీళ్లు రావడమే తగ్గొచ్చు. బోరు మళ్లీ కడిగించడానికి ఎంతవుతుందో ట్రెజరర్ గారికి నేను చెప్పక్కర్లేదు.

పొడిలో కలిపిన బెల్లపు మడ్డితో ఇంకో చిక్కుంది. బ్యాక్టీరియాకు తేలిక తిండి, కష్టమైన తిండి రెండూ పెడితే ముందు తేలికదే తింటాయి. మడ్డిని తింటూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ అవగొడతాయి, బెంజీన్ అలాగే ఉంటుంది. ఇది మన పెట్రోలుకూ వర్తిస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది, బ్యాక్టీరియాకు మహా ఇష్టం. వాటి దృష్టి అటు పోయినంతకాలం బెంజీన్ అరగదు, నీళ్లతో పాటు ఇంకా ముందుకు సాగుతుంది. పాత లీకుల లెక్కలు పట్టుకుని ‘మూడిళ్లు దాటదు లెండి’ అనేవాళ్ల మాట నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

బయటి నుంచి బ్యాక్టీరియా దించి గెలిచిన సందర్భాలు లేవని కాదు. డ్రైక్లీనింగుకు, లోహపు సామాన్ల మీద జిడ్డు తీయడానికి వాడే క్లోరిన్ ద్రావకాలు నేలలోకి దిగితే, వాటిని హాని లేని ఇథిలీన్ దాకా తీసుకుపోగలది డీహాలోకోకాయిడీస్ అనే క్రిమి. 1997లో ఈ సంగతి బయటపడింది. అది అన్నిచోట్లా ఉండదు. లేని చోట పని సగంలో ఆగి వినైల్ క్లోరైడ్ అనే క్యాన్సర్ కారకం పోగుపడుతుంది. అలాంటి చోట ఆ క్రిమిని ఆక్సిజన్ తగలకుండా పెంచి, ముందు నేలలో పరిస్థితులు సరిచేసి, వరసగా వేసిన బోర్ల గుండా దించుతారు. అక్కడ లేనిది క్రిమి. మన దగ్గర క్రిమి ఉంది, ఊపిరి లేదు. కంపెనీ మనిషి ఈ రెండింటినీ ఒకే గాట కట్టి మాట్లాడారు.

ఇంకొకటి గమనించండి. పొడి పోసేది అక్టోబరు ఆఖరున, సంతకం నవంబరు ఆఖరున. అవి మన చెన్నైకి వానల నెలలు. పెట్రోలు నీటికన్నా తేలిక, నీటిమట్టం మీద తేలుతుంది. ఎండాకాలం నీళ్లు దిగితే దాంతో పాటు దిగి దారిపొడవునా ఇసుకకు అంటుకుంటుంది. వానలకు నీళ్లు పైకి లేచినప్పుడు ఆ అంటుకున్నది నీటి కింద చిక్కుకుపోతుంది, కొత్త నీరు కలిసి వాసన పలచబడుతుంది. పొడి పోసినా పోయకపోయినా నవంబరులో వాసన తగ్గుతుంది. మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో మట్టం దిగాక చూడండి. అప్పటికి కాగితం బంకు యజమాని బీరువాలో ఉంటుంది.

వాసన పోతే నీళ్లు బాగుపడ్డట్టే అనే మాట కూడా వదిలేయాలి. తాగే నీళ్లలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ముక్కుకు తెలియాలంటే దానికి ఎన్నో రెట్లు ఉండాలి. మరగబెడితే పోతుందని కొందరు చేస్తున్నారు. పోవడమేమో పోతుంది, కానీ మీ వంటింటి గాలిలోకే. బ్లీచింగ్ పౌడరుకు దీంతో సంబంధమే లేదు. దయచేసి ఈ బోరు నీళ్లు తాగడానికి, వంటకు వాడొద్దు. మెట్రో వాటర్ లారీ కోసం క్యూ కట్టడం ఎంత విసుగో నాకూ తెలుసు. పెట్రోలు వాసన వచ్చే సంపు దగ్గర అగ్గిపుల్ల గీయకండి, లోపలికి మనిషిని అసలే దించకండి.

నేను ఇంతసేపు చెప్పినదాన్ని బంకు వైపు లాయరు తనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు: ‘ఆవిడే చెబుతున్నారు కదా, బ్యాక్టీరియా వాటంతటవే తింటాయని, ఇక మేం చేయాల్సిందేముంది?’ దానికి జవాబు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బెమిడ్జి దగ్గర ఉంది. 1979లో అక్కడ పైపులైను పగిలి పది వేల పీపాలకు పైగా ముడి చమురు బయటపడింది. ఎత్తిపోయగలిగినంత ఎత్తిపోశారు, మిగిలింది ఇసుకలోకి దిగింది. ఆ చోటును వదిలేయకుండా 1983 నుంచి ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు బోర్లు వేసి కొలుస్తూనే ఉన్నారు. ఇనుము వాడే బ్యాక్టీరియా, మీథేన్ చేసేవి కలిసి, కరిగిన విషం దూరం పోకుండా చాలావరకు ఆపాయి. కానీ నలభై ఏళ్లు దాటినా నేలలో నూనె ఇంకా ఉంది. తుప్పు కరిగినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి వచ్చింది. బ్యాక్టీరియా తినేది ముఖ్యంగా నీళ్లలో కరిగిన పెట్రోలును. పైన తేలే చిక్కటి పొర జోలికి అంత తేలిగ్గా పోవు. ఆ పొరను మనుషులే తోడెయ్యాలి, కారే ట్యాంకును మనుషులే ఆపాలి. అంత దూరం ఎందుకు, 2013లో మన తండయార్‌పేటలోనే బోర్లలో నూనె తేలింది. నేలలో పాతిన పైపులైను కారడం దానికి కారణమైంది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి దాకా వెళ్లి ఏళ్ల తరబడి నడిచింది. అక్కడివాళ్లు ఎవరైనా మీకు తెలిసుంటే, 30 రోజుల కాగితం గురించి ఒకసారి వాళ్లను అడగండి.

ఆదివారం తీర్మానం మార్చి రాయమని నా మనవి. ట్యాంకుకూ పైపులకూ లీకు పరీక్ష చేయించి ఫలితం మనకు చూపించాలని బంకు యజమానికి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వండి. కాపీలు కాలుష్య నియంత్రణ మండలికి, పెట్రోలు నిల్వ లైసెన్సులు చూసే పెసో సంస్థకు పంపండి. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉన్నా చెన్నైలోనూ ఆఫీసు ఉంది. తేలే పెట్రోలు తోడే ఖర్చు, నేలలోకి గాలి పంపే ఏర్పాటు ఖర్చు పూర్తిగా బంకుదే. బ్యాక్టీరియాకు కిటికీ తీయడమంటే ఆ గాలి పంపడమే. అది ఎక్కడ, ఎంత అన్నది అనుభవమున్న ఇంజినీరు కొలిచి చెప్పాలి, పొడి అమ్మేవాడు కాదు. సంతకం మాటకొస్తే, ఏడాది పొడవునా, ఎండాకాలం మట్టంతో సహా, కొలతలు చూశాకే దాని గురించి మాట్లాడదాం.

మనం ఇంటింటా వసూలు చేసే సొమ్ము కొలతలకు పెట్టండి. బోర్డు మీద ‘నీళ్లు నార్మల్’ అని అంటించిన రిపోర్టును ముందు తీసేయండి. అందులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, క్లోరైడ్ మాత్రమే చూశారు, బెంజీన్ కాలమే లేదు. శాంపిల్ పట్టింది కూల్‌డ్రింక్ సీసాలో, అదీ సగానికి. బెంజీన్ ఆవిరయ్యే సరుకు. ఖాళీగా ఉన్న సగం సీసాలోకి లేచిపోయి, మూత తీయగానే గాలిలో కలిసిపోతుంది. 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో అంచుదాకా, ఒక్క బుడగ కూడా లేకుండా పట్టి, ఐసులో పెట్టి ల్యాబుకు చేర్చాలి. బెంజీన్, టోలీన్‌తో పాటు ఆక్సిజన్, నైట్రేట్, కరిగిన ఇనుము, సల్ఫేట్, మీథేన్ కూడా చూడాలి. బ్యాక్టీరియా ఎక్కడ ఏ ఊపిరి మీద పని చేస్తున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో ఆ అంకెలే చెబుతాయి. ఒక్క బోరు చాలదు. బంకుకు ఎగువన పోస్టాఫీసు పక్క బోరు, బంకు గోడ పక్క ఇంటిది, సముద్రం వైపు చివరి ఇంటిది, కనీసం ఈ మూడూ కావాలి.

గాజు సీసాలు, ఐసు డబ్బా నేను ల్యాబులో అడిగి తెస్తాను. మీటింగు కన్నా ముందే, శనివారం పొద్దున ఎవరూ మోటారు వేయకముందు మొదటి శాంపిల్ పడదాం. గొట్టంలో నిలవున్న నీళ్లు కాసేపు వదిలేశాకే పట్టాలి కాబట్టి పావుగంట నీళ్లు వృథా పోతాయి, ఎవరూ గొడవ పడకుండా ముందే చెప్పి ఉంచండి. మోటారు గదుల తాళాలు శుక్రవారం రాత్రికల్లా వాచ్‌మన్ దగ్గర పెట్టిస్తే చాలు.

ఇట్లు,
పాత బావి ఉన్న ఇంటి రెండో అంతస్తు నుంచి, మీ అసోసియేషన్ సభ్యురాలు